అవిసె నూనె గుడ్డలు

ఆ డిటెక్టివ్‌ని అందరూ ముక్కాయన అంటారు. ముందు ముక్కొస్తుంది, వెనక మనిషొస్తాడు. ఆ ఉదయం ఆయన ఆఫీసుకొచ్చిన ఓ ఇంటి కోడలికి మాత్రం ముందు కన్నీళ్లొచ్చాయి, వెనక మాటలొచ్చాయి.

"నిన్న పొద్దున మా వంటిల్లు అంటుకుంది సార్. నింద మా అత్తయ్యకి అంటుకుంది! పొయ్యి ఆర్పలేదని, ఆవిణ్ని మా ఆడపడుచు ఇంటికి పంపించేస్తానంటున్నారు మా ఆయన. ఆవిడ ఆర్పానంటోంది. నేను నమ్ముతున్నాను."

"అత్త తరఫున కోడలు! ఈ కేసు వదలకండి సార్," అంది ముక్కాయన సహాయకురాలు.

వాళ్ల వంటింట్లో పొయ్యి వెనక గోడకి పైపైన మసి అంటింది, అంతే. ఎదుటి మూల మాత్రం నేల దాకా బొగ్గయింది. అక్కడ ఓ అట్టపెట్టె అడుగు మిగిలింది. ముక్కాయన వంగి వాసన చూశాడు.

"ఇందులో ఏముండేది?"

"నా గుడ్డలండీ," అన్నాడు కొడుకు. కుర్చీలకీ బల్లలకీ అవిసె నూనెతో మెరుగు పెట్టడం అతని పని. "రోజూ పెరట్లో తీగమీద ఆరేస్తాను. మొన్న సాయంత్రం వానొచ్చిందని ఉండచుట్టి ఇందులో కుక్కాను. గుడ్డల్నేం అడుగుతారు? పొయ్యి ఆర్పని మనిషినడగండి!"

"ఆర్పాన్రా నాయనా," అంది తల్లి, తలెత్తకుండా.

"బాబూ, ఇప్పుడు కొత్త గుడ్డలతో ఓ కుర్చీకి మెరుగు పెట్టు. ఆ గుడ్డల్ని మొన్నటిలాగే ఉండచుట్టి, పెరట్లో ఈ ఇనపడబ్బాలో కుక్కు. పక్కన నీళ్ల బకెట్టుతో మేం కాపలా ఉంటాం."

"ఇంతకన్నా మెరుగైన ఆలోచన ఉండదు సార్!" అంది సహాయకురాలు.

మధ్యాహ్నం అందరినీ డబ్బా చుట్టూ నిలబెట్టాడు ముక్కాయన. "చెయ్యి పెట్టి చూడు."

కొడుకు చెయ్యి పెట్టి, చటుక్కున లాక్కున్నాడు. "అబ్బా, కాలుతోంది! అగ్గిపుల్ల ఎవరు గీశారు?"

"ఎవరూ గీయలేదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ పరిస్తే ఆ వేడి గాలికి పోతుంది. ఉండచుడితే లోపలే ఉండిపోయి, పెరిగి పెరిగి రాజుకుంటుంది. మంట పొయ్యి దగ్గర పుడితే ముందు ఆ గోడ కాలాలి. కాలింది నీ పెట్టె ఉన్న మూల. మీ అమ్మ తప్పేం లేదు. నువ్వూ తెలిసి చెయ్యలేదు." ఆయన డబ్బాలోకి బకెట్టు వంచేశాడు. "ఇకనుంచి ఆరుబయట విడివిడిగా పరిచి ఆరెయ్యి. వానొస్తే ఇలా నీళ్లలో ముంచి, ఇనపడబ్బాకి మూత పెట్టు."

కొడుకు మొహం మాడిపోయింది. "అమ్మా..." అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"గుడ్డల్ని నీళ్లలో ముంచరా, నన్ను కన్నీళ్లలో కాదు," అందావిడ కోపంగా.

అని, అతని చెయ్యి లాక్కుని, ఎక్కడైనా బొబ్బెక్కిందేమోనని ఒక్కో వేలూ తిప్పి చూసింది.