మర్యాదస్తుడైన బీరు

హెస్టర్‌ని సినిమాకి రమ్మని అడగడానికి నాకు ఐదేళ్ళు పట్టింది. తప్పు నాది కాదు, నా బీరుది.

ఇంగ్లండులోని మా ఫావర్‌షామ్ ఊళ్ళో ఏటా సెప్టెంబరులో, ఇంట్లో కాచిన పేల్ ఏల్ అనే లేతరంగు బీరుకి పోటీ పెడతారు. సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. మొదటి ఏడు నా మార్కుల కాగితం మీద జడ్జి రాసింది: “మర్యాదస్తుడైన బీరు. హాప్ పూలంటే భయం కాబోలు.” బీరుకి చేదూ వాసనా ఇచ్చేవి ఆ పూలే.

ఆ జడ్జి ఎవరో తేల్చుకుందామని మండిపడుతూ వెళ్ళాను. హాప్ తోటల వాళ్ళమ్మాయి హెస్టర్, జడ్జి కుర్చీలో కళ్ళు మూసుకుని గ్లాసులో ముక్కు పెట్టి వాసన చూస్తోంది. నా కోపం అక్కడికక్కడే దిగిపోయింది. ఫస్టు ప్రైజు కొట్టాకే ఆమెతో మనసులో మాట చెప్పాలని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ప్రైజు ఇచ్చేది ఆమేనన్న సంగతి మాత్రం బుర్రకి తట్టలేదు.

వరసగా నాలుగేళ్ళు నాలుగో స్థానమే వచ్చింది.

ఐదో ఏడు తెగించాను. బీరు పులిశాక వాసన కోసం గుప్పెడు ఎండు హాప్ పూలు వేస్తారు. నేను సంచెడు దిమ్మరించాను. రుచి చూస్తే నాలుక ముడుచుకుపోయింది. అయినా పట్టుకెళ్ళాను. ఆఖరి స్థానం వచ్చింది.

కాగితం తీసుకోబోతే హెస్టర్ వదల్లేదు.

“నాలుగేళ్ళుగా ఆ భయస్తుడి కాగితం పట్టుకెళ్ళేది నువ్వే కదూ, రోరీ? ఇవాళ ఎవరి మీద కోపం?”

ఒళ్ళు మండి, ఒట్టు సంగతంతా కక్కేశాను.

“అంటే ఇన్నేళ్ళూ నాకు నేనే అడ్డం పడ్డానన్నమాట,” అంది. “నోరు తెరిచి అడిగుంటే సరిపోయేదిగా. అడిగినవాళ్ళకి నేను మార్కులు వెయ్యను.”

“నువ్వంటే నాకు చాలా ఇష్టం, హెస్టర్. సినిమాకి వస్తావా?”

ఆమె నా సీసాలో మిగిలినదంతా గ్లాసులో పోసుకుని, చుక్క మిగల్చకుండా తాగింది. చేదుకి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

“ఘోరంగా ఉంది. ఆఖరి స్థానం మార్చను,” అంది. “సినిమా తర్వాత చూద్దాం. శనివారం మా ఇంటికి రా, బీరు కాద్దాం. హాప్ పూలు నేను వేస్తాను, నువ్వు ముట్టుకోకు.”

మరుసటి ఏడు హెస్టర్ జడ్జిగా కూర్చోలేదు. మొగుడి బీరుకి పెళ్ళాం మార్కులు వేయకూడదని మా పోటీ రూలు.

కొత్త జడ్జి మా ఇద్దరి బీరుకి నాలుగో స్థానం ఇచ్చాడు.