మెట్ల కింద సర్వర్

పొద్దున్నే కాఫీ కప్పు పక్కన పెట్టుకుని కంప్యూటర్ తెరిచేసరికి, ‘మీ పాస్‌వర్డ్ గడువు ముగిసింది, కొత్తది పెట్టండి’ అంటూ తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె అనువాదకురాలు. గుండె ఆపరేషన్ అయినవాళ్ళు ఇంటికి వెళ్ళాక ఎలా ఉండాలో చెప్పే పుస్తకం ఆవేళ మధ్యాహ్నంలోపు ఆసుపత్రికి పంపాలి. చివరి పేజీలు ఒకసారి సరిచూసుకుంటే పని అయిపోయినట్టే. కానీ అక్కడిదాకా వెళ్ళనిస్తేగా!

కొత్త పాస్‌వర్డ్ కొట్టింది. ఇంతకుముందు వాడేశారు, కుదరదంది. ఇంకోటి కొట్టింది. అంకె లేదంది. అంకె పెడితే @ లాంటి గుర్తు లేదంది. మళ్ళీ మొదటికొచ్చి పాత పాస్‌వర్డ్ అడిగింది. కంగారులో అదీ తప్పు కొట్టింది, మళ్ళీ తప్పు కొట్టింది, ఇంకోసారీ తప్పే. ‘మీ ఖాతాకు తాళం పడింది. అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి’ అని తేల్చేసింది కంప్యూటర్.

అడ్మినిస్ట్రేటర్ అంటే మరెవరో కాదు, కట్టుకున్న మొగుడే. ఆయన వాకింగ్‌కి వెళ్ళాడు. ఫోన్ చేస్తే అది ఫ్రిజ్ మీద మోగింది.

పాతికేళ్ళపాటు ఒక కంపెనీలో కంప్యూటర్లన్నీ ఆయన చేతిమీదుగా నడిచాయి. కంపెనీవాళ్ళు ఆ పనంతా బయటి సంస్థకి అప్పగించి, పాత సామాను తీసేసేటప్పుడు ఆయన్నీ ముందుగానే రిటైర్ చేశారు. వస్తూ వస్తూ అక్కడ పడేయబోయిన సర్వర్‌ని ఇంటికి తెచ్చి మెట్ల కింద అరలో పెట్టాడు. అప్పట్నుంచి ఇంట్లో ఉన్న కంప్యూటర్లన్నీ దాని మాటే వినాలి. ఎవరు లోపలికి రావచ్చో, ఎవరు ఏ ఫైలు చూడచ్చో, ప్రింటర్ ఎవరికి పలకాలో అన్నీ అదే చెబుతుంది. దీన్ని డొమైన్ అంటారని ఆయన వివరించిన రోజు అందరూ బుద్ధిగా తలూపారు. అలా తలూపినందుకు ఫలితం ఇప్పటికీ అనుభవిస్తున్నారు.

“ఏమ్మా, నీకూ పడిందా తాళం?” హాల్లోంచి అత్తగారు అడిగింది. “నాకు నిన్నే పడింది. పాటలు విందామంటే నువ్వెవరంది. నవమాసాలు మోసి కన్నాను, వాడి ఇంట్లో నేనెవరో నిరూపించుకోవాలట.”

“ఆయన రానీండి అత్తయ్యా. ఇవాళ అటో ఇటో తేలిపోవాలి.”

కాలేజీకి తయారవుతున్న కూతురు తల దువ్వుకుంటూ వచ్చింది. “అసలు మనకి డొమైన్ ఎందుకమ్మా? అన్నిటినీ వర్క్‌గ్రూప్‌లోకి మార్చేస్తే సరిపోతుంది. ఎవరి కంప్యూటర్‌కి వాళ్ళే యజమాని. ప్రింటర్ అందరికీ కలుస్తుంది. పైన పెత్తనం చేసేవాళ్ళు ఉండరు.”

ఆ చివరి మాట ఆమె చెవికి మహా ఇంపుగా వినిపించింది.

ఆయన చెమట తుడుచుకుంటూ గుమ్మంలో అడుగుపెట్టాడో లేదో ఆమె ఎదురెళ్ళింది. “తాళం తీయండి. అర్జెంటు.”

“ఇప్పుడా? సర్వర్ అప్‌డేట్ అవుతోంది. మధ్యలో ముట్టుకోకూడదు. కాసేపు ఆగు.”

“కాసేపంటే?”

“అది చెప్పలేం. దాని ఇష్టం.”

అంతే, ఆమెకు ఇన్నాళ్ళుగా లోపల అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. “దాని ఇష్టమా? ఇది ఇల్లా, ఆఫీసా? నా గదిలో, నా బల్ల మీద, నా కంప్యూటర్ ముట్టుకోవడానికి మీ పర్మిషన్ కావాలా? ప్రింటర్‌కి మిమ్మల్ని అడగాలి. ఫాంట్ పెట్టుకోవాలంటే మిమ్మల్ని అడగాలి. మీ అమ్మగారు పాటలు వినాలన్నా మీ సంతకం కావాలి! మేమేం మీ కింద పనిచేసేవాళ్ళం కాదండీ.”

“భద్రత కోసం...”

“ఎవర్నుంచి భద్రత? ఉన్నది నలుగురం. మనలో దొంగలెవరు?”

ఆయన ముఖం వాడిపోయింది. కూతురి వైపు చూడకుండానే, “సర్వర్‌తో పని లేకుండా అమ్మ కంప్యూటర్‌ని తెరిచే లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్తాను. డొమైన్ లోంచి తీసేసుకోండి” అన్నాడు. చెప్పేసి బాల్కనీలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. వీధివైపు చూస్తున్నాడే గానీ, చెవులు రెండూ లోపలే ఉన్నాయి.

కూతురు చకచకా పని కానిచ్చింది. తల్లి పేరుతో కొత్త ఖాతా తెరిచింది. డొమైన్ అన్నచోట చుక్క తీసి వర్క్‌గ్రూప్ అన్నచోట పెట్టింది. కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలైంది. ఈసారి అంకె, గుర్తు గొడవ లేకుండా లోపలికి రానిచ్చింది.

“చూశావా, ఎంత తేలికో!” అంది కూతురు.

ఆమె తెర వైపు చూసి కొయ్యబారిపోయింది. ఏమీ లేదు. నీలం రంగు తెర, దాని మూల చెత్తబుట్ట బొమ్మ. పుస్తకం లేదు. ఏళ్ళ తరబడి పోగేసుకున్న పదాల పట్టికలు లేవు. అప్పుడే కొని తెచ్చినట్టు శుభ్రంగా ఉంది.

“నా పుస్తకమేదే?”

కూతురు ఒక ఫోల్డర్ తెరిచింది, మూసింది, ఇంకోటి తెరిచింది. “ఇక్కడే ఉండాలమ్మా... నేనేం చెరపలేదు. ఒట్టు.”

ఆమె ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడి చేతుల్లో ముఖం దాచుకుంది. నెలల తరబడి కళ్ళు పొడుచుకుని చేసిన పని. ఆసుపత్రివాళ్ళకి ఏం చెప్పాలి? మా ఇంట్లో సర్వర్‌తో పోట్లాడి పుస్తకం పోగొట్టుకున్నానని చెప్పాలా?

నాన్నని పిలుస్తానంటూ కూతురు లేవబోయేసరికి ఆయనే గుమ్మంలో ఉన్నాడు. “పోలేదు. ఎక్కడికీ పోలేదు” అన్నాడు మెల్లగా. “అవన్నీ నీ పాత ఖాతా కింద ఉన్నాయి. ఇప్పుడు కొత్త ఖాతాతో వచ్చావు కదా, నువ్వు వేరే మనిషివి అనుకుంటోంది.”

ఆమె చప్పున తలెత్తింది. “ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా?”

ఆయన తెర వైపు చూపు తిప్పుకున్నాడు.

“తెలిసీ చెప్పలేదా?”

“మీరు అడగలేదుగా.”

“అడగలేదా!” ఆమె విసురుగా కుర్చీలోంచి లేచింది. “ఇక్కడ నా ప్రాణం పోతుంటే బాల్కనీలో కూర్చుని అడుగుతామని చూస్తున్నారా? మీరు మనిషేనా?”

అత్తగారు చేతికర్ర ఠంగున నేలకేసి కొట్టింది. “ఒరేయ్, ముందు దాని పుస్తకం దానికియ్యి. తర్వాత కొట్టుకు చావండి.”

ఆయన వంగి కీబోర్డు అందుకున్నాడు. డ్రైవ్ తెరిచి, పాత పేరున్న ఫోల్డర్ నొక్కాడు. అనుమతి లేదంది. దాని హక్కులు కొత్త ఖాతాకి మార్చాడు. ఆకుపచ్చ గీత నెమ్మదిగా నిండింది. ఒక్కొక్కటే ఫైళ్ళు వచ్చాయి. పుస్తకం వచ్చింది. ఆమె తెరిచి చివరి పేజీ దాకా చూసుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కూతురికి మాత్రం కోపం చల్లారలేదు. “నాన్నా, ఒక్క మాట అడుగుతాను. పాస్‌వర్డ్ నెలనెలా మార్చాలని ఎందుకు పెట్టావు? మా కాలేజీలో కూడా అంత లేదు.”

ఆయన మౌస్ తీగ సర్దాడు. అది సర్దే ఉంది. “ఆఫీసులో పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. నా కంప్యూటర్ తెరుచుకోవట్లేదు సార్ అని. విసుక్కునేవాణ్ణి, పని జరగనివ్వరని. ఇక్కడ... మీ అమ్మ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటుంది. నువ్వు తలుపేసుకుంటావు. పాస్‌వర్డ్ పోయినప్పుడే కదా మీరు నా దగ్గరికి వచ్చేది.”

ఆమెకు కోపం ఎటు పోయిందో తెలియలేదు. పోయిన కోపం మీద ఇంకో కోపం వచ్చింది. ఇంత పెద్ద మనిషి, ఇంత చిన్న మాట చెప్పడానికి ఇంట్లో సర్వర్ పెట్టాలా? కానీ నిన్న సాయంత్రం ఆయన గుమ్మంలో నిలబడి ఏదో అనబోతే, “తర్వాత” అన్నట్టు చెయ్యి ఊపిన సంగతి గుర్తొచ్చింది. మొన్న కూడా. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు.

“నోరుంది కదండీ” అంది. “వచ్చి కాసేపు కూర్చోవే అంటే కూర్చోనా?”

“బిజీగా ఉంటావుగా.”

“బిజీగా ఉంటే హెడ్‌ఫోన్లు లాగేయండి. అంతేగానీ ఇంటికి తాళాలు వేస్తారా?” అని ఆయన చెయ్యి పట్టుకుంది. కూతురు ఏమీ అనకుండా తండ్రి భుజం మీద గడ్డం ఆనించింది.

మధ్యాహ్నంలోపే పుస్తకం ఆసుపత్రికి చేరింది. సాయంత్రం ఆయనే కూర్చుని మిగతా కంప్యూటర్లను వర్క్‌గ్రూప్‌లోకి మార్చాడు. ఈసారి ముందుగా అందరి ఫైళ్ళూ పక్కన దాచి, ఏం చేస్తున్నాడో కూతురికి చెబుతూ, మధ్యమధ్యలో ఆ పిల్ల చేతే చేయించాడు. గ్రూపుకి ఏం పేరు పెడదాం అంటే, “ఏ పేరైనా పెట్టుకోండి, నన్ను మాత్రం ఏమీ అడక్కండి” అంది అత్తగారు. చివరికి సర్వర్ ఆపేయడానికి మీట నొక్కినప్పుడు ఆయన చెయ్యి కాసేపు దాని మీదే ఉండిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు.

వారం తిరక్కుండానే ఆమెకు ఇంకో పుస్తకం వచ్చింది. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు చేయాల్సిన వ్యాయామాలు. అది తెరుచుకుని కూర్చునేసరికి గుమ్మం దగ్గర ఆయన.

“ఏమిటి?”

“ఏం లేదు. ఊరికే.”

ఆమె హెడ్‌ఫోన్లు తీసి, పక్క కుర్చీ మీది కాగితాలు తీసేసింది. “రండి. ఈ వాక్యం మామూలు మనిషికి అర్థమవుతుందా చెప్పండి.”

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. “అవదు.”

“ఎందుకవదు?” ఆమె చర్రున లేచింది.

“కాలు మడిచి పైకెత్తమన్నావు. ఎటు మడవాలి? ముందుకా, వెనక్కా?” అంటూ లేచి నిలబడి, ఒక కాలు ముందుకి మడిచి, కాదనుకుని వెనక్కి మడిచి, తూలి బల్ల పట్టుకున్నాడు.

“అయ్యో, పడతారు! నా బల్ల వదలండి, నా భుజం పట్టుకోండి” అంది ఆమె విసుక్కుంటూనే, నవ్వు ఆపుకోలేక.