మూడో మెసేజ్‌లో చెప్పిన మాట

చెల్లెలు అద్దం ముందు కూనిరాగం తీస్తూ జడ వేసుకుంటోంది. ఆ రాగం అక్క చెవిలో జోరీగలా తిరుగుతోంది.

డేటింగ్ యాప్ చెల్లెలి ఫోన్‌లో పెట్టించింది అక్కే. తను రెండేళ్లుగా వెతుకుతున్నా, పలకరించినవాళ్లలో చాలామంది నాలుగో రోజుకల్లా మాయమైపోతారు. చెల్లెలికి నెల తిరక్కుండానే లిఫ్టు మెకానిక్ దొరికాడు. ఆదివారం ఇంటికి కూడా వస్తున్నాడు.

పిన్నీసు కోసం చెల్లెలి హ్యాండ్‌బ్యాగ్ తెరిచిన అక్క చేతికి మాత్రల సీసా తగిలింది.

ఎనిమిదేళ్లుగా మందుల షాపు కౌంటర్లో నిలబడుతోంది. ఆ సీసా తెలియనిది కాదు. దాని కోసం వచ్చేవాళ్లు మిగతావాళ్లంతా వెళ్లేదాకా ఆగుతారు, కళ్లెత్తకుండా తీసుకుపోతారు. గుండె గుభేలుమంది. కానీ ఆ వెనకే, లోపల ఎక్కడో, చల్లగా ఏదో తగిలింది.

తిన్నగా వెళ్లి సీసాని తల్లి ముందు పెట్టింది.

"హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకిచ్చే మందమ్మా. నీ ముద్దుల కూతురి బ్యాగులో దొరికింది."

తల్లి, చెల్లెలు సగం తాగి పెట్టిన గ్లాసుని రెండు వేళ్లతో పట్టుకుని, బల్ల చివరికి జరిపింది.

గ్లాసుతో అంటదని అక్కకు తెలుసు. కౌంటర్లో ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. ఇప్పుడు ఒక్క మాట చాలు. ఆ మాట అనలేదు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న చెల్లెలు అక్క వైపు తిరిగింది.

"అమ్మకి తెలీదు. నీకు తెలుసుగా, చెప్పవేం?"

"ముందు ఈ మందు సంగతి చెప్పు."

"జబ్బు రాకుండా కూడా వేసుకునే మందది. పరీక్ష చేసి, నాకు లేదని తేలాకే రాశారు. మూడు నెలలకోసారి మళ్లీ చేస్తారు. ఆ సీసా కొన్నవాళ్లందరికీ జబ్బుందని నీకెవరు చెప్పారే?"

"రాకుండా అంటే... అతనికి ఉందా?"

"ఉంది. మూడో మెసేజ్‌లోనే చెప్పాడు, ఒకరి మొహం ఒకరం చూసుకోకముందే. రోజూ మందు వేసుకుంటాడు. పరీక్షలో కనపడనంతగా వైరస్ తగ్గిపోయింది. అలా ఉన్నంతకాలం అతన్నుంచి నాకు రాదని డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. అయినా నా ధైర్యానికి నేనూ వేసుకుంటున్నా. ఆదివారం మీకు తనే చెప్తానన్నాడు. నాలుగు రోజులు ఆగలేకపోయావు."

"పెళ్లికి ముందే ఇన్ని పరీక్షలేమిటే," అంది తల్లి. "మా రోజుల్లో జాతకం చూసి ఊరుకునేవాళ్లు."

"జాతకంలో రక్తం సంగతి ఉండదమ్మా."

మూడో మెసేజ్.  ఐదు నెలల కిందట అక్కతో నాలుగుసార్లు బయటికి వచ్చినవాడు ఉండే వీధి పేరు కూడా చెప్పలేదు. పరీక్ష చేయించుకున్నావా అని ప్రతిసారీ అడగాలనుకుంది. అడిగితే పోతాడేమోనని గొంతులోనే మింగింది. రోజంతా కండోమ్ ప్యాకెట్లు అమ్మే మనిషి, ఆఖరిరోజున తన బ్యాగులోది తీయడానికి మొహమాటపడింది. అడక్కపోయినా వాడు పోనే పోయాడు.

"నువ్వెప్పుడైనా చేయించుకున్నావా అక్కా?"

నాకెందుకు అనబోయి, అక్క తల అడ్డంగా ఊపింది.

తల్లి ఇద్దరి మొహాలూ చూసింది. గ్లాసు మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పవే, మందుల షాపుదానివి. ఇందులో తాగితే ఏమన్నా అవుతుందా?" అని పెద్దకూతుర్ని అడిగింది.

"ఏమీ కాదమ్మా. నాకు మొదట్నుంచీ తెలుసు."

ఆ పూట అక్కాచెల్లెళ్లిద్దరూ పనికి సెలవు పెట్టారు. పరీక్షా కేంద్రంలో వేలి మీద ఒక్క పోటు, అరగంట నిరీక్షణ. "లేదమ్మా," అంది అక్కడి నర్సు. "ఐదు నెలలైందంటున్నారుగా, ఈ ఫలితం నమ్మొచ్చు. ఇకమీదట అడగడానికి సిగ్గుపడకండి."

బయట మెట్ల మీద అక్క కూర్చుంది.

"సీసా చూడగానే నాకు సంతోషమేసిందే. ఒక్క క్షణం."

"తెలుసు. నీ మొహంలోనే కనపడింది."

"మరి నాతో ఎందుకొచ్చావు?"

"నీకుందేమోనని భయమేసింది."

అక్క మోకాళ్లలో తల దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. చెల్లెలు తొందరపెట్టలేదు. పక్కనే కూర్చుని, లోపలికి వెళ్లేవాళ్లకు దారిచ్చేందుకు అక్కని కాస్త తన వైపు లాక్కుంది.