సగం ముక్క జీడిపాకం

నేను టెక్కలి జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం బోధిస్తాను. తీరిక దొరికితే మా నాయనమ్మ ఉపవాసాలను ఖండిస్తాను. ఆవిడ కార్తీక సోమవారాలకు మాత్రమే మానే అన్నాన్ని, హాఫ్ మారథాన్ కోసం నేను రోజూ మానేశాను. ద్రవ్యరాశి తగ్గితే వేగం పెరుగుతుందన్నది నా సిద్ధాంతం. ఒక వానాకాలపు ఉదయాన బారువ సముద్రతీరపు ఇసుకలో పరుగెడుతుంటే ఆ సిద్ధాంతం బోర్లా పడింది, దానితోపాటు నేనూ.

కళ్లు తెరిస్తే ముఖం మీద చినుకులు, పైన ఒక గొడుగు, గొడుగు కింద ఇందు. మా ఊరి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయిని, ముఖపరిచయమే. తానూ పరుగుకే వచ్చింది; నేను పడటం చూసి నన్ను వెల్లకిలా తిప్పి, బండిలోంచి గొడుగు తెచ్చిందట.

"పొద్దున్న ఏటి తిన్నారు మాస్టారూ?"

"గ్రీన్ టీ."

"రాత్రి?"

"అదే. ఇంకో కప్పు."

"పెట్రోలు పొయ్యకపోతే బండి తేలిగ్గా ఉంటాదని నమ్మీసినారా? ఫిజిక్సేనా మీరు సెప్పేది?"

అరటిపండు ఇచ్చింది. సగం కొరికి వద్దన్నాను. ఆమె చూపుకు మిగతా సగమూ దిగింది. ప్రేమ అక్కడే మొదలైందని శాస్త్రీయంగా నిరూపించలేను. గ్లూకోజు కూడా కారణమై ఉండవచ్చు.

"తింటే తప్పు సేసినట్టుండడం కూడా జబ్బే," అని ఆమే నన్ను పలాసలో డాక్టరుకు చూపించింది. తినడం నేర్చుకుంటున్నాను. చిక్కిన ఒళ్లు మాత్రం తొందరపడలేదు.

ఆ ఒంటితోనే పెళ్లి మాట అడగడానికి ఇందు వాళ్లింటికి వెళ్లాను. కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ఉద్దానంలో సన్నబడిన మనిషిని చూసి ఎవరూ డైటింగ్ అనుకోరు. జీడితోటల రైతు దుర్గాప్రసాద్ గారు, ఆమె తండ్రి, అసలు అనుకోలేదు.

"మా అన్నయ్యా ఇలాగే తిండి మానీసినాడు బాబూ. కిడ్నీలని తెలిసేసరికి ఆలస్యమైపోనాది. పిల్లనెలా ఇమ్మంటావు?"

రక్తపరీక్ష రిపోర్టు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు.

"కాయితం బాగుంది. మరెందుకు తినవు?"

ఇందు వైపు చూశాను. "నాను సెప్పను. మీరే సెప్పాల," అంది.

గంటసేపు ఆగకుండా పాఠం చెప్పేవాడిని, ఒక్క మాటతో మొదలుపెట్టాను.

"భయమండీ," అన్నాను. "లావైపోతానని. అద్దంలో ఇప్పటికీ లావుగానే కనిపిస్తాను. వైద్యం చేయించుకుంటున్నాను."

ఆయన నా మణికట్టు వైపు చూశారు. "తగ్గుతాదా?"

"తగ్గుతుందండీ. నెమ్మదిగా."

లోపలి నుంచి జీడిపప్పు పాకం తెప్పించి నా ముందు పెట్టారు. సగం ముక్క తిన్నాను. మిగతా సగం దగ్గర బుర్రలో పాత కేలరీల కూడికలు మొదలయ్యాయి, చెయ్యి ఆగిపోయింది.

ఇందు నా పళ్లెంలోని ఆ ఎంగిలి సగం తీసుకుని, తండ్రి ఎదుటే తినేసింది.

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నారు. "ఇంకేటి అడగాల? ముహూర్తం పెట్టిద్దాం. పెళ్లికొడుకు ఉపవాసముండాల గానీ..."

"ఈయనొక్కడు ఉండకూడదు నాన్నా. తినే పీటల మీద కూకుంటారు."

ఆచారాలను ఇన్నేళ్లుగా మాటలతో ధిక్కరించిన నేను, మొదటిసారి ఒకదాన్ని నిజంగా ఉల్లంఘించబోతున్నాను: కడుపునిండా తిని.