భయం తగ్గితేనే బటన్

"ఎనభై మూడు. ఇవాళ కూడా కుదరదు బాబాయ్ గారూ," అంది డాక్టర్ నళిని, చలమయ్య మణికట్టుకున్న పట్టీ చూసి.

ఏలూరులోని ఆ షేర్ల ఆఫీసులో పన్నెండు రోజులుగా ఇదే తంతు. మార్కెట్ పొద్దున పడుతుంది, మధ్యాహ్నం కాస్త లేస్తుంది, మూడింటికి మళ్ళీ పడుతుంది. చూసేవాళ్ళ ఒళ్ళు హూనమవుతోంది.

నళిని కనిపెట్టిన ఈ పట్టీ సంగతి తేలికే. చెమటనీ నాడినీ బట్టి మనిషి భయానికి నూటికి ఇన్ని అని మార్కులేస్తుంది. నలభై దాటితే ఫోన్‌లో అమ్మకం బటన్ పనిచేయదు. భయపడి అమ్మినవాడు తరవాత ఏడుస్తాడని ప్రభుత్వం దీన్ని షేర్లున్న అందరికీ తప్పనిసరి చేసింది. ఇప్పుడు జనం అమ్మలేక ఏడుస్తున్నారు.

"వచ్చేవారం మా ఆవిడ మోకాళ్ళ ఆపరేషనమ్మా. ఉన్నదంతా ఈ షేర్లే. ఇంకా పడితే ఆవిడిక నడవలేదు. భయపడక ఏం చేయను?"

"భయపడొద్దనట్లేదు. ఆ భయంలో నిర్ణయం వద్దంటున్నాను." ఆమె గొంతులోనూ ఓపిక అయిపోయింది.

బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు మెకానిక్‌గా చేసిన చలమయ్యకు మొరాయించే యంత్రాన్ని ఏమార్చడం కొత్త కాదు. ఇంటికెళ్ళేసరికి భార్య రత్తమ్మ భోంచేసి కునుకు తీస్తోంది. షేర్ల సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. ఏమీ తెలియని మనిషికి భయమేముంటుందని, పట్టీ విప్పి మెల్లగా ఆమె చేతికి చుట్టాడు.

తొంభై ఒకటి.

తుడిచి మళ్ళీ పెట్టాడు. తొంభై రెండు. ఆ తడుములాటకు రత్తమ్మ కళ్ళు తెరిచింది.

"నీకేం భయమే?"

"పన్నెండు రోజులుగా మీ మొహం చూస్తున్నాగా. అన్నం సగంలో లేచిపోతున్నారు. ఏదో పెద్ద రోగం వచ్చింది, నాతో చెప్పట్లేదు అనుకున్నా."

చలమయ్యకు సిగ్గేసింది. మంచం అంచున కూర్చుని అంతా చెప్పాడు.

"అంతేనా?" అంది రత్తమ్మ. ఆమె చేతికున్న పట్టీ ఇరవైకి దిగింది. ఫోన్‌లో బటన్ వెలిగింది.

"అమ్మేయమంటావా?" పెళ్ళయ్యాక ఆయన ఆమెను సలహా అడగడం అదే మొదలు.

"మోకాళ్ళకు సరిపడా అమ్మండి. మిగతాది పడితే పడనీండి."

అలాగే అమ్మాడు. మర్నాడు మార్కెట్ అమాంతం లేచింది. అయినా ఆయన ఏడవలేదు, అంత ఓపిక లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడు రత్తమ్మ రోజూ అన్నం వడ్డించే ముందు ఆయన చేతికి పట్టీ కట్టి అంకె చూస్తుంది. నలభై దాటిందంటే గరిటె పక్కన పెట్టి, "ఏం దాస్తున్నారు?" అంటుంది.