ముప్పై ఎనిమిది మార్కుల గొంతు

ఆ వేసవికి కాకినాడలో ట్యూషన్ సెంటర్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొన్ని టిఫిన్ సెంటర్లయ్యాయి. కారణం, పరీక్ష హాల్లో ఐదో తరగతి పిల్లల తలకు కట్టే ఒక బ్యాండ్.

మనం దేన్నయినా గుర్తు తెచ్చుకున్నప్పుడు, దాన్ని నేర్పిన గొంతు కూడా మెదడులో లీలగా మోగుతుంది. బ్యాండ్ ఆ గొంతును పట్టుకుంటుంది. అది బడి టీచరుదైతే మార్కు నిలుస్తుంది. బయటివాళ్లదైతే పోతుంది. డబ్బున్న ఇళ్ల పిల్లలు ట్యూషన్లతో గురుకులం సీట్లు ఎగరేసుకుపోకుండా డాక్టర్ హైమవతి దీన్ని తయారుచేసింది. అలా మిగిలిన మార్కులు అరవై దాటితే ఆరో తరగతిలో సీటు. అందరూ మెచ్చుకున్నారు.

ఫలితాలొచ్చిన మూడో రోజు నూకరత్నం ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని హైమవతి గదికి వచ్చింది.

"మా పెద్దది కీర్తనకి తొంభై ఒకటి వచ్చాయండి. యాభై మూడని పంపారు. మధ్యలో ముప్పై ఎనిమిది ఎవరు తినేశారండి?"

"అవి ట్యూషన్ మార్కులమ్మా. తీసేశాం."

"ట్యూషనా! రొయ్యల ఫ్యాక్టరీలో తలకాయలు తీసేదాన్నండి నేను. ట్యూషన్‌కి ఎక్కణ్ణుంచి పంపుతాను?"

"మిషన్ అబద్ధమాడదు."

"అయితే ఆ ట్యూషన్ మహాతల్లి ఎవరో వినిపించండి. నేనూ చూస్తాను."

హైమవతి స్పీకర్ ఆన్ చేసింది. అలిసిపోయిన ఆడగొంతు. "పన్నెండు ఆర్లు డెబ్బై రెండు. మళ్లీ చెప్పు. ఆవలించావంటే వీపు పగులుద్ది గాడిదా."

కీర్తన పకపకా నవ్వింది. "అమ్మే!"

నూకరత్నం నాలుక కరుచుకుంది. "తిట్లు కూడా పట్టేసిందేంటండి?"

"మీరు చదువుకున్నారా?"

"టెన్త్ అండి. పాసేనండి."

హైమవతి స్పీకర్ ఆపేసింది. బ్యాండ్ తయారుచేసేటప్పుడు, ట్యూషన్‌కు పంపలేని ఇంట్లో చదువు చెప్పేవాళ్లు ఉండరని ఆవిడ అనుకుంది. ఎవరినీ అడగలేదు. అడగాలని తోచలేదు. పరీక్ష రాసింది రెండు లక్షల మంది. అందులో ఇలాంటి అమ్మలు ఎందరో లెక్క తీయడానికి ఇప్పుడు చెయ్యి ఆడలేదు.

"టీచరు చెప్పినవే నేనూ చెప్పానండి."

"నిజమే. మీరు చెప్పిందే గట్టిగా గుర్తుండిపోయింది. మిషన్ దాన్నే పట్టుకుంది."

"అంటే నేను నోరు మూసుకునుంటే దీనికి సీటొచ్చేదా?"

"వచ్చేదేమో." అబద్ధం చెప్పడానికి హైమవతికి నోరు రాలేదు. నిజం చెప్పాక తల ఎత్తలేకపోయింది. "రూలు మార్చమని కమిటీకి రాస్తాను. కానీ ఈ లోపు సీట్లు నిండిపోతాయి."

"తప్పు నాదేనన్నమాట," అని పిల్లలతో బయటికి నడిచింది నూకరత్నం.

కాదని చెప్పాలని హైమవతి వెనకే గుమ్మం దాకా వచ్చింది. వరండాలో చిన్న కూతురు సిరి గోడ మీద 'ఫిర్యాదులు' అన్న బోర్డు చూసి ఆగింది. మూడో తరగతి పిల్ల. "ఫి... ఫి... అమ్మా, ఆ రెండో అక్షరమేంటే?"

నూకరత్నం బోర్డు వంక చూసింది. పిల్ల వంక చూసింది.

"నాకు చదవడం రాదమ్మా. బళ్లు తెరిచాక మీ టీచర్నడుగు."

సిరి హైమవతి వైపు తిరిగింది. "మీకొచ్చా అండీ?"

హైమవతి నోరు తెరిచింది. రెండేళ్లలో బ్యాండ్ కట్టబోయే పిల్ల నుదుటి వంక చూసి, మళ్లీ మూసుకుంది.