తాంబూలం ఇవ్వని జాజ్ మేళం

కర్నూలు వన్ టౌన్ సందులో పెళ్లి ఊరేగింపు అడ్డం వచ్చినప్పుడు నాగజ్యోతి మర్యాదగానే స్కూటీ ఆపింది. రెండు నిమిషాలు ఓపిక పట్టింది. మూడో నిమిషంలో హారన్ కొట్టింది.

ఎవరూ పట్టించుకోలేదు. పెళ్లికొడుకు స్నేహితులు రోడ్డు మధ్యలో చిందులేస్తున్నారు. వీడియో తీసే ఆయన ఎవర్నీ కదలనివ్వడం లేదు. బ్యాండువాళ్లు ఒకే పాటను తిప్పి తిప్పి వాయిస్తున్నారు.

ఆమె మళ్లీ కొట్టింది. ఈసారి గట్టిగా.

ఎర్రకోటు వేసుకుని, మెడలో శాక్సఫోన్ తగిలించుకున్న కుర్రాడొకడు ఆమె వైపు తిరిగాడు. సరిగ్గా ఆ హారన్ శ్రుతిలోనే "పీ... పీపీ" అని వాయించాడు. అంతటితో ఊరుకున్నాడా? ఆ పీపీని సాగదీశాడు, మెలితిప్పాడు, తలకిందులు చేశాడు, చివరికి తీసుకెళ్లి పెళ్లిపాటలోనే కలిపేశాడు.

కోపం రావాల్సిందే. రాలేదు. బెంగళూరులో ఉద్యోగం చేసిన రెండేళ్లూ ప్రతి శనివారం ఒక హోటల్ మూలన కూర్చుని, కాఫీ చల్లారిపోయినా గమనించకుండా విన్న సంగీతం ఇదే. జాజ్. దానికోసం అంత దూరం పోయింది గానీ, అది తన ఊళ్లో ఎర్రకోటు వేసుకుని పెళ్లిళ్లకు తిరుగుతోందని ఆమెకేం తెలుసు?

"ఇది యాడ నేర్చుకున్నారు?" అని అరిచింది, డ్రమ్ముల హోరులో.

"ఏది మేడం?"

"ఇప్పుడు వాయించినారే, అది!"

"నేర్చుకునేదేముంది? వీడియో ఆయప్ప కదలనియ్యడు, మా మామ పాట మార్చనియ్యడు. ఉన్నదాన్నే అరగంట సాగదీయల్ల గదా. విసుగు పుట్టకుండా ఏదో ఒకటి చేస్తాంటా."

అతని పేరు వసంతకుమార్. పాట మార్చనియ్యని ఆ మామ బ్యాండు మాస్టరు గాబ్రియేలు. మరుసటి రోజే నాగజ్యోతి వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ పోయింది.

పని అలాంటిది మరి. ఆమె నాయన నారాయణ ముప్పై ఏళ్లు నాటకాలు ఆడించిన మనిషి. ఆయన సమాజం తెర లేపి ఎనిమిదేళ్లయింది. "ఇంక చాలమ్మీ, తెరలూ కిరీటాలూ ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు ఒకనాడు అన్నం తింటూ. ఆమె చేతిలో ముద్దను కంచంలోనే వదిలేసింది. "ఒక్క ఆట. నా పద్ధతిలో. అది పడకపోతే నీ ఇష్టం" అని పంతం పట్టింది.

ఎంచుకున్నది ఆయన పాత హాస్యనాటకమే, 'అద్దె వియ్యంకుడు'. పేద పంతులు ఒకడు గొప్పింటి పిల్లను చేసుకోవడానికి ఒక వేషగాణ్ణి తండ్రిగా అద్దెకు తెస్తాడు. ఆ అద్దె తండ్రి వేషంలో లీనమైపోయి, ఈ సంబంధం మాకు నచ్చలేదని భీష్మించుకుంటాడు. చివర్లో గుట్టు బయటపడుతుంది. అందరూ పిల్లను అడుగుతారు, ఇతనంటే ఇష్టమేనా అని. పాత నాటకంలో ఆమె పద్యం పాడుతుంది. నాగజ్యోతి ఆ పద్యం తీసేసింది. పిల్ల నోరు విప్పదు. రెండు నిమిషాలు శాక్సఫోన్ ఒక్కటే పలుకుతుంది. అప్పుడు తలూపుతుంది. పిల్ల వేషం తనది, శాక్సఫోన్ వసంత్‌ది; వాయిస్తామని అతనితో కాగితం మీద సంతకం కూడా పెట్టించుకుంది.

"పద్యం తీసి పీపీ పెడ్తావా?" అని నారాయణ లేచి పోయాడు. రిహార్సల్స్‌కు మాత్రం రోజూ వచ్చి, మిద్దె మెట్ల మీద అటు తిరిగి కూర్చునేవాడు.

ప్రేమకథలో ఈపాటికి వాన పడాలి. పుష్యమాసంలో కర్నూలులో వాన అడిగితే నవ్విపోతారు. మిద్దె మీద ఎండా, దుమ్మూ, కుండలో నీళ్లూ, అంతే. ఆ ఎండలోనే వసంత్ శాక్సఫోన్ తుడుచుకుంటూ ఆమె వైపు చూసేవాడు. ఆమె స్క్రిప్టు వైపు చూసేది, అది తలకిందులుగా ఉన్నా సరే.

"జ్యోతీ, రెండు నిమిషాల పాటను ఏడు నిమిషాలు వాయింపించుకుంటాండావు నువ్వు" అంది ఫర్హానా. తెర లాగడం, లైట్లు వేయడం, స్నేహితురాల్ని ఆటపట్టించడం, మూడూ ఆమె పనులే. "ఆయప్ప ఊపిరితిత్తుల గురించి కొంచెమన్నా ఆలోచించు."

"నీ పని చూసుకోమ్మే."

"నా పనే ఇది. చెప్పేస్తివా?"

నాగజ్యోతి కుండ దగ్గరికి పోయి నీళ్లు ముంచుకుంది. ఏమని చెప్పాలి? వాళ్లు చర్చికి పోయేవాళ్లు. వీళ్ల ఇంట్లో అడుగు తీసి అడుగు వేయాలన్నా పంచాంగం. నాయన ఇప్పటికే పద్యం పోయిందని అలిగి ఉన్నాడు. పైగా, వసంత్ మనసులో ఏముందో ఎవరికి తెలుసు? ఆ చూపులు పాట కోసమే అయితే?

అసలు సంగతి ఏమిటంటే, ఆ రెండు నిమిషాల సీను ఆమె నాటకం కోసం రాసుకున్నది కాదు.

ఆ భయంలోనే ప్రదర్శన తారీకు పెట్టింది. ఎనిమిదేళ్ల తర్వాత లేచే తెర, మంచి రోజు కావాలని పురోహితుణ్ణి పట్టుకుని మాఘమాసంలో దివ్యమైన ముహూర్తం వెతికించింది. గురువారం సాయంత్రం ఆరింటికి. హాలు దొరికింది, పోస్టర్లు పడ్డాయి, వాట్సాప్ గ్రూపులో అందరూ చప్పట్లు కొట్టారు.

నాలుగు రోజుల ముందు, ఆదివారం, వసంత్ మిద్దె మీదికి వచ్చి కూర్చోకుండా నిలబడ్డాడు.

"మేడం, గురువారం మేము రాలేము. కల్లూరులో పెండ్లి ఉండాది. మామ తాంబూలం తీసుకున్నాడంట."

నాగజ్యోతి స్క్రిప్టు పక్కన పడేసింది. "మరి నేను రాయించుకున్న కాగితం? సంతకం పెట్టినావు గదా!"

"కాగితం రిహార్సల్‌కు అనుకున్నాడు మామ. మేళానికి తారీకు ఖాయం కావాలంటే ఆకూ వక్కా టెంకాయా తెచ్చి మాస్టరు చేతిలో పెట్టల్ల. మీరు తెస్తారని రెండు వారాలు చూసినాడు. రాకపోతే తారీకు మారిందేమో అనుకున్నాడు."

"నువ్వు చెప్పొచ్చు గదా!"

"మీరు ఇచ్చేసింటారని నేననుకుంటి."

ఇంత చిన్న విషయం. ఒక ఆకు, రెండు వక్కలు. ఊళ్లో మిగతా మేళాలేవీ ఖాళీ లేకపోతే, ఆమె ఫోన్ తీసి కడపలో ఓబులేసు బ్యాండుకు చేసింది. ఖాళీ లేదు. మైదుకూరు, లేదు. కమలాపురం, "ఆ దినమా? ఆ దినం డోలు కూడా దొరకదమ్మా" అని నవ్వారు. అంత మంచి ముహూర్తం వెతికి పెట్టించుకున్నది తనే. సీమలో ఉన్న పెళ్లిళ్లన్నీ ఆ రోజే.

"కల్లూరువాళ్లకు రామని చెప్పు వసంత్."

"తాంబూలం తీసుకున్నాక ఎట్ల చెప్తాం?"

"ఎనిమిదేండ్ల తర్వాత ఆట ఇది! మా నాయన..." అప్పుడే నోరు జారింది. "పెండ్లి బ్యాండువాళ్లకు నాటకం విలువ యాడ తెలుస్తాదిలే!"

మిద్దె మీద అందరూ ఆగిపోయారు. వసంత్ శాక్సఫోన్‌ను పెట్టెలో పెట్టాడు. నిదానంగా మూత వేశాడు.

"ఆ పెండ్లికూతురికి కూడా ఆ దినం ఒక్కసారే వస్తాది మేడం" అన్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సోమవారం ఆరుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మంగళవారం 'తప్పయింది' అని మెసేజ్ పెట్టింది. చూశాడని తెలిసింది, జవాబు మాత్రం రాలేదు. బుధవారం గాబ్రియేలు ఇంటికి పోతే తాళం వేసి ఉంది. ఆట ఆపేద్దామని నాయన దగ్గరికి వెళ్తే, ఆయన హార్మోనియం దుమ్ము దులుపుతున్నాడు.

"ఆపేదెందుకు? పాటలన్నీ నాకొచ్చు."

"నీకా? జాజా?"

"నెలదినాలు మెట్ల మీద కూసోని ఏం చేస్తాంటి అనుకున్నావు?" అని హార్మోనియం మీద ఒక వరుస గబగబా వాయించి చూపించాడు. తప్పులున్నాయి. ఊపు కూడా ఉంది. "ఆ ఆఖరి రెండు నిమిషాలు మాత్రం నా వల్ల కాదమ్మీ. అది మనిషి ఊపిరితో పలకాల్సిందే."

గురువారం ఆరింటికి హాలు నిండింది. హీరోయిన్ వేషంలో నాగజ్యోతి తెర వెనక నిలబడి, వందసార్లు తలుపు వైపు చూసింది. కల్లూరు ఎంత దూరం? పావుగంట. ఊరేగింపు నాలుగింటికే మొదలయి ఉంటుంది. వీడియో ఆయన త్వరగా వదిలితే? వదిలినా వస్తాడా? అంత మాట పడ్డాక ఎవరొస్తారు?

"రాలేదు" అంది ఫర్హానా, అడక్కుండానే. ఆ రోజు ఆటపట్టించలేదు. చెయ్యి పట్టుకుంది.

మొదటి అంకం గడిచింది. హార్మోనియం మీద జాజ్ విని జనం ముందు బిత్తరపోయారు, తర్వాత తొడలమీద తాళం వేశారు. రెండో అంకంలో అద్దె తండ్రి వేషం వేసిన భూపేష్ సంబంధం వద్దని మొండికేస్తే హాలు గొల్లుమంది. ప్రతి నవ్వుకూ నాగజ్యోతి మళ్లీ తలుపు వైపు చూసింది. ఆ రెండు నిమిషాలు దగ్గరపడుతున్నాయి.

వచ్చేశాయి.

"చెప్పమ్మా" అన్నాడు భూపేష్. "ఇతనంటే నీకు ఇష్టమేనా?"

నారాయణ హార్మోనియం మీంచి చేతులు తీశాడు. హాలులో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పది సెకన్లు. ఇరవై. ఎవరో దగ్గారు. తల ఊపేస్తే తెర పడిపోతుంది, ఆట అయిపోతుంది. నాగజ్యోతి తల ఊపలేకపోయింది.

"ఈడ నేను మాట్లాడకూడదు" అంది. "నా బదులు ఒక మనిషి వాయించల్ల. నాకు చెప్పే ధైర్యం లేక, నా మాటను పాటలో పెట్టి ఆ మనిషితోనే పలికించుకోవాలనుకుంటి. ఆ మనిషినే అనరాని మాట అంటి. విలువ తెలీదంటి. ఇచ్చిన మాట కోసం పోయినోనికి విలువ తెలీదా? తెలీనిది నాకు. అందరి ముందర అంటి గాబట్టి అందరి ముందరే అడుగుతాండా, నన్ను క్షమించు. ఇష్టమేనా అంటే, ఇష్టమే. శానా ఇష్టం. నువ్వు ఈడ లేకపోయినా ఇష్టమే."

ఇదంతా నాటకమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. భూపేష్ నోరు తెరిచి నిలబడ్డాడు. తెర తాడు పట్టుకున్న ఫర్హానా దాన్ని లాగడం మరిచి కళ్లు తుడుచుకుంటోంది.

చప్పట్లు ఆగినా వెనక వరుసల్లో కదలిక ఆగలేదు. తలలు తిరిగాయి. తలుపు దగ్గర ఎర్రకోట్లు. ముందు గాబ్రియేలు, వెనక మేళమంతా, మధ్యలో చెమటతో తడిసిపోయిన వసంత్. ఎంతసేపట్నించి ఉన్నాడో! ఆమె మొహంలోకి నెత్తురంతా ఒక్కసారి ఎగదన్నింది.

అతను నడవలోంచి నడిచి వచ్చాడు. స్టేజీ ముందు నిలబడి శాక్సఫోన్ పెదవులకు ఆనించాడు. ఊదలేదు. దించేశాడు.

"మేడం, నాలుగింటి నుంచి వాయిస్తానే ఉండా. ఆటో దొరక్క సగం దూరం ఉరికొచ్చినా. ఊపిరి లేదు." ఆయాసపడుతూ చెప్పాడు. "రెండు నిమిషాలు ఆగితే పాట వాయిస్తా. ఇష్టమేనని మాత్రం ఇప్పుడే చెప్తాండా."

ఇది నాటకం కాదని జనానికి అప్పుడు అర్థమైంది. హాలంతా ఒక్కసారి ఈలలు. నాగజ్యోతికి మాత్రం ఏదీ వినపడలేదు. ఆమె చూపు హార్మోనియం వైపే ఉంది. నాయన ఏమంటాడు?

నారాయణ కూతుర్ని చూశాడు. ఎర్రకోటును చూశాడు. తర్వాత పక్కనున్న తన నీళ్ల చెంబు తీసి, లేచి, స్టేజీ అంచుదాకా వచ్చి చెయ్యి చాపాడు.

"తాగప్పా. తాగి నిదానంగా వాయిద్దువులే" అన్నాడు. "ఇంక యాడికీ పోయేది లేదు గదా?"